రెండో కుక్క చూపులు

ఆ మున్సిపాలిటీలో పదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి రెండో కుక్క రావాలంటే మొదటి కుక్క చూసి ఒప్పుకోవాలి. మొదటి కుక్క చనిపోయి ఉంటే, ఆ పూటకి సెలవు పెట్టి వచ్చి చూసి వెళ్తుంది. జీపు మున్సిపాలిటీదే. మధ్యాహ్నం గేటు దగ్గర దింపి, పొద్దుగూకేలోపు తిరిగి ఎక్కించుకుంటారు. ఈ ఏర్పాటు మీద ఊళ్ళో ఎవరికీ ఫిర్యాదు లేదు, జీపు ఆలస్యంగా వస్తుందని తప్ప.

ప్రమీల ఇంటి మొదటి కుక్క పేరు కండక్టర్. ఆమె భర్త గోవర్ధన్ బస్సు డ్రైవరు. ఇంట్లోవాళ్ళంతా భోజనాలకు కూర్చున్నారని తేల్చుకున్నాకే అది రెండుసార్లు మొరిగేది కాబట్టి ఆ పేరు పెట్టాడు. అతను పోయిన మరుసటి ఏడు వానాకాలంలో అదీ పోయింది. అప్పటికి మేధకి ఆరేళ్ళు, కౌశిక్‌కి మూడు. పిల్లలు బెంగపెట్టుకున్నారని అత్తగారు సీతారావమ్మ పోరగా పోరగా ప్రమీల దరఖాస్తు పెట్టింది.

మొదటి చూపులకు సీతారావమ్మ వరండాలో చాప పరిచి, ఉప్మా చేసింది. వచ్చిన కుక్క తల్లి ఏ వీధిది, ఇరవై గోళ్ళూ ఉన్నాయా, ముక్కు నలుపు పుట్టుకతోనేనా అని ఆరా తీసింది. అటూ ఇటూ నడిపించి చూసింది. పిల్లలంటే పడుతుందా అని మాత్రం అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. పెళ్ళిచూపుల్లో అడిగేవే ఇక్కడా అడుగుతారు. ఆ ఒక్క సంగతీ చూసుకోవడం మొదటి కుక్క పని.

జీపు దిగిన కండక్టర్ ఎప్పట్లాగే చెప్పుల వాసన చూసి లోపలికి వచ్చింది. దాని మెడలో గళ్ళ తువ్వాలు పీలిక ఉంది, ముడి ఎడమ చెవి కింద. నీళ్ళు తాగేటప్పుడు తడవకూడదని ముడి అలా పక్కకి వేసేది గోవర్ధన్ ఒక్కడే. ముడి ఆ పొద్దునే వేసినంత బిగువుగా ఉంది. ప్రమీల వంగి వాసన చూసింది. డీజిలు, కొబ్బరినూనె. అక్కడి సంగతులు అడగకూడదని నిబంధన. ఆమె అడగలేదు.

కండక్టర్ కొత్త కుక్క చుట్టూ తిరిగి, పిల్లల పక్కన కూర్చోబెట్టి చూసి, తోక కిందికి దించింది. మున్సిపాలిటీ మనిషి మస్తాన్ కాగితం తీశాడు.

"ఒప్పుకుందమ్మా. సంతకం పెడితే అయిపోయిద్ది."

"పెడితే కండక్టర్ మళ్ళీ రాదా?"

"పనైపోయాక ఎందుకొచ్చిద్దమ్మా?"

ప్రమీల కొత్త కుక్కను కాసేపు చూసింది. "ఇది తోక ఎక్కువ ఊపుతోంది. వద్దులెండి."

తర్వాతి కుక్క తోక తక్కువ ఊపింది. ఆ తర్వాతది పిల్లల్ని మరీ బుద్ధిగా చూసింది. చూపులున్న రోజు ప్రమీల ఆఫీసుకు సెలవు పెట్టేది, సేమ్యా కాచేది. కండక్టర్ వరండా మూల ఎండలో పడుకుంటే దాని పొట్టను దిండు చేసుకుని మేధ పాఠం చదివేది. అందరూ కూర్చున్నాక అది రెండుసార్లు మొరిగేది. ఇల్లు ఆ పూట వెనకటిలా ఉండేది. పళ్ళాలు పెట్టేటప్పుడు ప్రమీల అలవాటుగా ఒకటి ఎక్కువ పెట్టేది, ఎవరూ తీసేవారు కాదు.

"నువ్వు కుక్కని చూడ్డం లేదే అమ్మాయ్, వాయిదాలు చూస్తన్నావు," అంది సీతారావమ్మ ఒకరోజు.

"ఆ ముడి చూడండి అత్తయ్యా."

సీతారావమ్మ ముడిని వేళ్ళతో తడిమింది. తర్వాతి చూపులకి ఉప్మాలో జీడిపప్పు కూడా వేసింది.

"ఏమనుకోవద్దు మస్తాన్ గారూ, మా ఇంటికి తిరగలేక చస్తున్నారు," అంది ప్రమీల.

"ఊళ్ళో సగం ఇళ్ళు ఇంతేనమ్మా. మాదీ పెండింగే," అన్నాడు మస్తాన్, ఉప్మా తింటూ.

ఆ వేసవిలో ఒక గోధుమరంగు కుక్క వచ్చింది. కౌశిక్ దాని నోట్లో రొట్టె లాక్కున్నాడు, వదిలేసింది. చెవి కొరికాడు, రెండో చెవి ఇచ్చింది. కండక్టర్ ఎండలో తన చోటు ఖాళీ చేసి దాన్ని అక్కడ పడుకోబెట్టి, తను నీడలోకి జరిగింది. మునుపెన్నడూ అది ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

"ఇంతకన్నా మంచిది రాదమ్మా," అన్నాడు మస్తాన్.

కౌశిక్ ఆ కుక్క మెడ మీద నిద్రపోయి ఉన్నాడు. ప్రమీల వంక కోసం చాలాసేపు వెతికింది.

"దీని రంగు అరుగు రంగులో కలిసిపోతోంది. పిల్లలు చూసుకోక తొక్కుతారు."

కండక్టర్ ఆమె వైపు చూసింది. మస్తాన్ అభ్యంతరం రాసుకున్నాడు. మొదటి కుక్క అంతగా ఒప్పుకున్నదాన్ని ఇంటివాళ్ళు కాదంటే, తేలేవరకు కొత్తది గేటు బయట ఉండాలి; మొదటి కుక్క నెలనెలా వచ్చి మళ్ళీ చూడాలి. ప్రమీలకు ఈ నిబంధన ఎంతో నచ్చింది.

గోధుమరంగు కుక్క గేటు బయట పడుకుంది. పిల్లలు మొదట ఊచల సందులోంచి రొట్టెలు ఇచ్చారు. తర్వాత గేటు బయటికే వెళ్ళి ఆడుకున్నారు. అది వాళ్ళను బడిదాకా దింపి వచ్చేది. మేధకి సైకిలు వచ్చింది, కౌశిక్‌కి పాలపళ్ళు ఊడాయి. అవన్నీ గేటు బయటే జరిగాయి. ప్రమీల వరండాలో కూర్చుని జీపు కోసం చూసేది.

ఒకనాటి పొద్దున మస్తాన్ నడిచి వచ్చాడు.

"చిన్నబాబుకి పదేళ్ళు నిండినయ్యమ్మా. ఇది చిన్నపిల్లలున్న ఇల్లు కాదిక. దరఖాస్తు మూసేశారు."

"కండక్టర్‌కి చెప్పారా?"

"జీపు డ్రైవరు చెప్పొచ్చాడమ్మా. సరేనందంట."

అతను వెళ్ళాక ప్రమీల వెళ్ళి గేటు బార్లా తెరిచింది. లోపలికి పిలుద్దామనుకుంది. దానికి పిల్లలు ఏం పేరు పెట్టుకున్నారో ఆమెకు తెలియదు. మూతి తెల్లబడిన ఆ కుక్క మెల్లగా లేచి, ఆమె ఎక్కడికో బయల్దేరిందనుకుని, పక్కకి జరిగి దారి ఇచ్చింది.

ఆ వీధిలో ప్రతి గేటు ముందూ అలాంటిది ఒకటి ఉంటుంది. జనం వాటిని వీధికుక్కలంటారు.