బలరామ్‌ది ఏ స్టేషన్?

ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. అక్షరాలు నాకు వయసు మళ్ళాక వచ్చాయి. ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది. ఆలోగా నవ్వు చల్లారిపోతే అది నా చేతి నిదానం.

డెబ్బై తొమ్మిదిలో ఒక ఆదివారం పొద్దున్న, టాటానగర్ ఊళ్ళోని అగ్రికోలో జోగమ్మ, ఆమె భర్త తవిటయ్య తాంబూలం పళ్ళెంతో రైలు స్టేషన్ దగ్గరి పర్సుడీహ్ బయలుదేరుతున్నారు. అక్కడ రైల్వే గ్యాంగ్‌మేన్ పోలయ్య కూతురు రమాదేవిని తమ బలరామ్‌కి అడిగారు. బలరామ్ ఎమ్మెస్సీ చదివి, సముద్రాన్ని పరిశోధించే ఓడలో పనిచేస్తున్నాడు. ఓడ మాట వినగానే వచ్చిన సంబంధాలన్నీ తిరిగిపోయాయి. ఇదీ పోతే కొడుకు బ్రహ్మచారిగా మిగిలిపోతాడని జోగమ్మ బెంగ. అందుకే పోలయ్యకి "సర్కారు కొలువు" అని మాత్రమే చెప్పింది.

గుమ్మం దాటబోతుంటే వీధి చివర కొట్టుకి విశాఖపట్నం నుంచి ట్రంకాల్ వచ్చింది. జోగమ్మ పరుగెత్తింది.

"అమ్మా, ఇప్పుడు రానేను. మా స్టేషన్ ఇంకా తేల్నేదు. పెద్దసారు ఒక సోటంటన్నారు, సిన్నసారు ఇంకో సోటంటన్నారు. తేలినాక ఆడ బురద తియ్యాల."

"బురదేటిరా?"

లైను తెగిపోయింది. జోగమ్మ కొట్టు మెట్ల మీదే కూలబడింది.

"ఓడలోంచి తీసేసినారయ్యా! స్టేషన్లో మురుగు తియ్యమన్నారంట. ఏ స్టేషనో కూడా తేల్నేదంట. ఎమ్మెస్సీ!"

"పర్సుడీహ్‌లో ఆ మాటెత్తకు" అన్నాడు తవిటయ్య.

ఎత్తింది ఆయనే. "అల్లుడు ఏటి సేత్తాడు? నికరంగా సెప్పు బావా" అని పోలయ్య నిలదీస్తే, "స్టేషన్లో... బురద..." అని నీళ్ళు నమిలాడు. జోగమ్మ కళ్ళు మూసుకుంది.

పోలయ్య లేచి తవిటయ్యని కావలించుకున్నాడు.

"రైల్వేయా! మరి దాత్తారేటి బావా? రైలు పాసుంటాది, క్వార్టరుంటాది, పింఛనుంటాది! మా సాబ్‌కి సెప్పి టాటానగరే ఏయిత్తాను."

తాంబూలాలు మారాయి. బలరామ్ ఓడ అప్పటికే సముద్రంలో ఉంది, అడిగే దారి లేదు. పోలయ్య స్టేషన్లో కనపడిన ప్రతి గుమస్తా బాబుకీ దణ్ణం పెట్టి, ఎమ్మెస్సీ చదివిన మురుగు కూలీ ఒకడు వస్తున్నాడని సిఫారసు చేశాడు. సఫాయి జమాదారు ముచ్చటపడి కొత్తవాడికని ఒక పార ఇచ్చాడు. ఆ పార జోగమ్మ వాకిట్లో చేరింది.

"ఇదేటి వదినా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "పెరడు తవ్వడానికి" అనేది. వాళ్ళ క్వార్టరుకి పెరడు లేదు.

ఓడ ఒడ్డుకి చేరాక బలరామ్ ఇంటికొచ్చాడు. పోలయ్య కూతురితో సహా దిగాడు.

"ఏ స్టేషన్ తేలింది అల్లుడూ?"

"పదకొండోది మావా."

"పదకొండో ప్లాట్‌ఫారమే! అంత పెద్ద స్టేషనా?"

"సముద్రంలో మావా. ఓడ ఆపి, అడుగునున్న బురద తీసి పరీచ్చ సేసే సోటుని స్టేషనంటాం."

"మరి రైలు?"

"నేదు."

"పాసు?"

"నేదు మావా."

కొడుకు మురుగు కూలీ కాదని జోగమ్మ ఏడుస్తూ నవ్వింది. పోలయ్య పార భుజాన వేసుకుని లేచాడు.

"సచ్ మే? సముందర్ కే నీచే సే?" అని, నిజంగా సముద్రం అడుగు నుంచేనా అన్నట్టు రమాదేవి కళ్ళు పెద్దవి చేసి బలరామ్‌ని అడిగింది.

"నువ్వు నడు" అన్నాడు తండ్రి.

జోగమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "అన్నయ్యా, మావోడు సైంటిస్టు!"

"బురద తీసినోడికి పిల్లనిత్తానన్నాను గదమ్మా. నేల మీద తియ్యాల గానీ."

మాఘంలో రమాదేవి పెళ్ళి రైలు పట్టాలు మార్చే ఒక పాయింట్స్‌మేన్‌తో జరిగింది. ఆ వేళకి బలరామ్ మళ్ళీ సముద్రం మీద ఉన్నాడు. పెళ్ళివారంతా పాసుల మీదే వచ్చారు.

— కస్తూరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. అప్పట్లో జోగమ్మ ఇరుగింటిదాన్ని, ఇప్పుడు మాంగోలో ఉంటున్నాను.