సెక్షన్‌కొక పనికిరాని మనిషి

హెచ్చార్ డిపార్ట్‌మెంటే లేకపోతే కంపెనీలు ఏమైపోయేవో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ కూర్చునేవాళ్ళు! అంతకంటే అన్యాయం ఉంటుందా?

నేను దేవుణ్ణి నమ్ముకున్న సంసారిని. పొద్దున్నే ఆయనకు దండం పెట్టకుండా గుమ్మం దాటను. ఫ్యాక్టరీ గేటు దాటాక మాత్రం నా భక్తి కొంచెం హెచ్చార్ వైపు మళ్ళుతుంది. తప్పంటారా? ఇద్దరూ మన కంటికి కనపడరు. ఇద్దరికీ అన్నీ తెలుసంటారు. అడిగింది ఇవ్వరు, ఇచ్చింది ఎందుకిచ్చారో చెప్పరు. తేడా అల్లా ఒక్కటే. దేవుడు మెయిల్ పెట్టడు.

వాళ్ళు రాకముందు మేం ఉత్త స్నేహితులం. వచ్చాక 'ఫ్యామిలీ' అయ్యాం. గోడల నిండా నవ్వుతున్న మనుషుల ఫోటోలు పెట్టారు. ఆ మనుషులెవరూ మా కంపెనీ వాళ్ళు కారు. అందుకే కాబోలు, అంత హాయిగా నవ్వుతున్నారు!

'ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా' అని క్లాసు పెట్టారు. ఎప్పుడనుకున్నారు? సెలవు రోజున. రానివాళ్ళకి మెమో. 'పేరు రాయక్కర్లేదు, మనసు విప్పి చెప్పండి' అని సర్వే పెట్టారు. నేను క్యాంటీన్ టీ గురించి మనసు విప్పాను. మర్నాడే మా సూపర్‌వైజర్ నా దగ్గరకొచ్చి, "ఏమయ్యా, టీ గురించి అలా రాశావట?" అన్నాడు. పేరు రాయకుండానే పోల్చుకున్నారంటే మనమీద ఎంత శ్రద్ధ ఉండాలి! సొంత అన్నదమ్ములు చేస్తారా ఇంత?

వాళ్ళిచ్చిన వరాలన్నిటిలోకీ పెద్దవరం ఇంకొకటుంది. ప్రతి సెక్షన్‌లోనూ ఏటా ఒక మనిషి పనికిరాకుండా ఉండి తీరాలి!

మాది తయారైన ఫ్యాన్లను తిప్పి చూసే సెక్షన్. "అందరూ బాగానే చేస్తున్నారండీ, ఎవరి పేరు రాయమంటారు?" అని మా సూపర్‌వైజర్ అమాయకంగా అడిగాడు. "అందరూ బాగా కనిపిస్తున్నారంటే మీరు సరిగ్గా చూడట్లేదన్నమాట" అని జవాబొచ్చింది. ఎంత లోతైన మాట!

మేం సంసారులం కదా, వంతులేసుకున్నాం. ఏడాదికొకరు పనికిమాలినవాళ్ళు. వంతు వచ్చినవాళ్ళకి మిగతావాళ్ళం టీ తెచ్చివ్వాలి, అదీ ఆచారం. నా వంతు వచ్చినప్పుడు ఇంట్లో చెప్పాను. మా ఆవిడ తలెత్తకుండానే, "ఇన్నాళ్ళకి వాళ్ళకీ తెలిసిందన్నమాట" అంది.

ఈ ఏడు వంతు పెద్దక్కది. వయసులో మాకంటే పెద్దది, పనిలో మా అందరికంటే వడి. మంచం పట్టిన మొగుడు, చదువుకునే పిల్లలు, ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే. "నాకు టీలో చక్కెర తక్కువ వెయ్యండర్రా" అని నవ్వుతూ వంతు తీసుకుంది.

ఆ వారమే హెచ్చార్ వారి మెయిల్ వచ్చింది. ఈ ఏటినించి పనికిరాని మనుషుల్ని గౌరవంగా ఇంటికి పంపించేస్తారట!

పెద్దక్క ఆ రోజు టీ ముట్టలేదు. "వంతంటే వంతే. నేను తప్పుకుంటే నీ మెడకో ఇతని మెడకో చుట్టుకుంటుంది" అంది. మేం తలలు దించుకుని ఫ్యాన్లు తిప్పుకున్నాం. వంతు మార్చుకుంటానని లేచి నిలబడే ధైర్యం నాకూ రాలేదు. దేవుడు చూస్తూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే మైకులో హెచ్చార్ వారి పుట్టినరోజు శుభాకాంక్షలు వినిపించాయి. ఎవరికనుకున్నారు? మేమంతా మావయ్యగారని పిలుచుకునే పెద్దాయనకి! ఆయన మా సెక్షన్‌లోనే పనిచేసి ఎప్పుడో రిటైరైపోయిన మనిషి. జీతాలిచ్చేవాళ్ళు ఆ నెలే ఆయన జీతం ఆపేశారు. మనుషుల్ని చూసుకునేవాళ్ళకి మాత్రం మనిషి వెళ్ళిపోయిన సంగతి ఇంకా తెలియదు. ఏటా ఆయన కేకు వస్తుంది, మేం తింటాం.

సూపర్‌వైజర్ కళ్ళు మెరిశాయి. "మావయ్యగార్ని రాసేద్దాం!"

"అబద్ధం కాదా?" అన్నాను.

"ఏది అబద్ధం? ఆయన టైముకొస్తున్నాడా? రావట్లేదు. ఒక్క ఫ్యానైనా తిప్పి చూశాడా? చూడలేదు. ఇంతకంటే నిజం ఎక్కడుందయ్యా?"

మీకు జవాబు తోస్తే చెప్పండి.

అంతటితో అయిపోతే అది హెచ్చార్ ఎందుకవుతుంది? తీసేసేముందు మనిషిని పిలిచి మాట్లాడాలట, తోడుగా సహోద్యోగి ఒకరు కూర్చోవచ్చట. మావయ్యగారికి సంగతి చెబితే, "పెద్దక్క కోసమైతే పద" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. తోడు నేను.

హెచ్చార్ అమ్మాయి నిజంగా మంచిపిల్ల. మంచినీళ్ళిచ్చింది. "పనిలో మీకు ఇబ్బంది ఎక్కడొస్తోందండీ?" అని మెత్తగా అడిగింది.

మావయ్యగారు నావైపు చూశాడు. "పనిలో ఏ ఇబ్బందీ లేదమ్మా" అన్నాడు. అదీ నిజమే!

"ఒత్తిడేమైనా ఉందా?"

"అస్సలు లేదు. కడుపునిండా తింటున్నాను, కంటినిండా నిద్రపోతున్నాను."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "ఇంత సంతోషంగా ఉన్న ఉద్యోగిని నేనింతవరకూ చూడలేదండీ! సెలవులు కూడా ఒక్కటీ పెట్టలేదు, ఒక్క ఫిర్యాదూ లేదు. మిమ్మల్ని ఎలా వదులుకుంటాం? ఇంకో ఏడాది అవకాశం ఇద్దాం."

మావయ్యగారు మిగిలితే పెద్దక్క పోతుంది!

"వద్దు తల్లీ" అన్నాడు మావయ్యగారు చేతులు జోడించి. "నేను వట్టి దండగమారి మనిషిని. తీసెయ్యండి."

"చూశారా, ఎంత వినయమో!"

"వినయం కాదమ్మా. నేను ఇంటిదగ్గరే ఉంటున్నాను!"

"వర్క్ ఫ్రమ్ హోమా? పర్వాలేదండీ."

"మనవరాల్ని బడికి దింపి వస్తాను. తర్వాత పడుకుంటాను. లేచి మళ్ళీ బడికి వెళ్తాను. అంతే నేను చేసే పని!"

ఆ పిల్ల మెల్లగా కాగితం తీసుకుని సంతకం చేసింది. "ఇన్నాళ్ళలో మిమ్మల్ని మేం ఒక్కసారి పిలిచి మాట్లాడి ఉంటే మీరిలా అయ్యేవారు కాదేమో" అంది. కళ్ళలో నీళ్ళు.

బయట పెద్దక్క గోడకానుకుని నిలబడి ఉంది. "ఏమైంది అన్నయ్యా?"

"పీకేశారమ్మా!" అన్నాడు మావయ్యగారు, పెళ్ళికొడుకులా నవ్వుతూ.

పెద్దక్క ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు. "నాకెందుకే దండం? లేని ఉద్యోగమేగా పోయింది" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఉద్యోగం పోయిందని మనిషి నవ్వుతూ బయటికొచ్చే డిపార్ట్‌మెంటు లోకంలో ఇంకొకటుందా?

వరాలు అక్కడితో ఆగలేదు. మావయ్యగారు రిటైరైన దగ్గర్నించీ ఆయన పని కూడా మేమే లాగుతున్నాం. ఇంకో మనిషి కావాలని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, "మీ సెక్షన్‌లో ఖాళీ లేదు" అనేవాళ్ళు. ఆయన్ని తీసేశారు కదా, ఇప్పుడు ఖాళీ వచ్చింది! వారం తిరగకుండా ఒక కొత్తమ్మాయిని పంపించారు. పెద్దక్క తన పక్కనే స్టూలు వేసి, ఫ్యాను తిప్పుతూ దాని చప్పుడు ఎలా వినాలో నేర్పిస్తోంది. ఆ పిల్ల చెవి దగ్గరగా పెట్టి, శ్రద్ధగా వింటోంది.

మా సూపర్‌వైజర్ వాళ్ళిద్దర్నీ దూరంనించి చూస్తూ ఊరికే నిలబడుతున్నాడు. ఎందుకో నేను అడగలేదు. వచ్చే ఏడూ ఒక పేరు రాసివ్వాలి కదా. ఇప్పుడు మా సెక్షన్‌లో అందరూ నిజం మనుషులే!