కిటికీలో డిన్నీ, బ్రీడా

ఆ రోజు ఉదయం రాజ్‌కిరణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, పెరట్లో షెడ్డు తాళం తీయాలి, గుమ్మం పక్క ఇరుకు హాల్లో నిలబడి ఉన్న ఇద్దరు పెద్దమనుషులను ఒక్కొక్కరిగా ఎత్తుకెళ్ళి షెడ్డులో పెట్టి తలుపు వేయాలి. తర్వాత లాప్‌టాప్ తెరుచుకుని పనిలో పడాలి. ఇంత చిన్న పథకం కూడా చెడిపోగలదని అతనికి తెలియదు. తెలిస్తే ఆ టీ అయినా ప్రశాంతంగా తాగేవాడు.

ఆ ఇద్దరూ నిజం మనుషులు కారు, మనిషెత్తు అట్టబొమ్మలు. డిన్నీ, బ్రీడా అనే గాయకుల జంటవి. ఒక చేత్తో గిటారు, ఇంకో చెయ్యి పైకెత్తి నవ్వుతూ ఆయన. నడుం మీద చేతులేసుకుని ఆవిడ. నలభై ఏళ్ళుగా ఐర్లండంతా తిరిగి కంట్రీ అనే పల్లె బాణీ పాటలు పాడినవాళ్ళు. రాజ్‌కిరణ్ పనిచేసే చిన్న కంపెనీ ఒక కంట్రీ మ్యూజిక్ షో నడుపుతుంది. కొత్త గాయకులు వస్తుంటారు, పోతుంటారు. జనం మాత్రం పోస్టరు మీద ఈ ఇద్దరి మొహాలు చూసే టికెట్టు కొంటారు. వరంగల్లులో బీటెక్, డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చేసిన రాజ్‌కిరణ్ ఆ షో వెబ్‌సైట్ చూసుకుంటాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో ఉన్న ఆఫీసు మూతపడింది. ఇల్లు దగ్గరన్న ఒక్క నేరానికి యజమానురాలు మార్తా ఆ బొమ్మల్ని అతని కారులోకి ఎక్కించింది. "మన షోకి ముఖాలు వీళ్ళే రాజ్. మీ అమ్మానాన్నల్లా చూసుకో. నీ వర్క్ పర్మిట్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. వేసవిలో సంతకం పెడతాను, అప్పటికి షో బతికుంటే" అంది. పర్మిట్ లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఇల్లు లేదు, ఈ దేశంలో అతనూ అతని భార్య నీలిమా లేరు. విమానాలు తిరగడం లేదు కాబట్టి పోదామన్నా దారి లేదు.

షెడ్డు తలుపు తీయగానే పథకం చెడింది. కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఐర్లండ్ వానకు తొందరేమీ ఉండదు, అట్ట మెత్తబడేదాకా ఓపిగ్గా కురుస్తుంది.

"నీలిమా, షెడ్డు కారుతున్నది. తడిస్తె వీళ్ళు పోతరు."

"అయితే హాల్ల ఉంచుతవా? పొద్దుగాల కండ్లు నులుముకుంట వచ్చిన. ఆ గిటారాయన నన్నే చూస్కుంట నవ్వుతుండు. పాణం పోయినంత పనైంది."

"పోనీ బెడ్‌రూమ్‌ల పెడుదామా?"

"పెట్టు. నేను షెడ్డుల పండుకుంట."

మేడ మీద చిన్న గది ఉంది గాని, ప్రపంచం ముగిసిపోతోందని వాట్సాప్‌లో చదివి రాజ్‌కిరణ్ కొన్న సోనామసూరి బస్తాలు దాన్ని ఆక్రమించాయి. ఇక మిగిలింది వీధి వైపున్న ముందుగది. అక్కడ పెడితే సోఫాలో కూర్చున్నవాళ్ళ మీదే ఇద్దరి చూపూ పడుతుంది. "అటు తిప్పు రాజ్. బయటికి చూడనియ్, మనకేం నష్టం" అంది నీలిమ. అతను తిప్పాడు. డిన్నీ, బ్రీడా పల్చటి తెల్ల తెర వెనక నిలబడి వీధిని చూస్తూ నవ్వసాగారు.

మర్నాడు బెల్లు మోగింది. గుమ్మం ముందు గాజుగిన్నెలో యాపిల్ టార్ట్. గేటవతలికి జరిగి నిలబడిన ఎదురింటి నోరీన్ కిటికీ వైపు బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయింది. ఎంత మంచి మనుషులో అనుకుంటూ నీలిమ టార్టు తిన్నది. గిన్నె కడిగింది గాని, ఖాళీగా తిరిగివ్వడానికి చెయ్యి రాలేదు.

"ఒట్టి గిన్నె ఎట్లిస్తం? ఏమనుకుంటరు?" అని నిండుగా పులిహోర పెట్టి పంపింది. మళ్ళీ రెండు రోజులకు అదే గిన్నెలో కేకు వచ్చింది. కేకుకు బదులు గారెలు వెళ్ళాయి. గారెలకు స్కోన్లనే తియ్యటి బన్నులు వచ్చాయి. పక్కింటివాళ్ళకు సంగతి తెలిసి వాళ్ళూ గిన్నె పంపారు. ఆ వీధిలో గిన్నెలు తిరిగినంతగా బస్సులు కూడా తిరగలేదు.

ఒక సాయంత్రం చెత్తబుట్ట బయట పెడుతున్న రాజ్‌కిరణ్‌ని ఎవరినైనా ‘లవ్’ అనే పిలిచే నోరీన్ రోడ్డవతలి నుంచి కేకేసింది. "డిన్నీకి స్కోన్లు నచ్చాయా, లవ్? బ్రీడాని చెయ్యి పైకెత్తమను, రోజూ ఊపుతున్నాను, తిరిగి ఊపడం లేదు!"

రాజ్‌కిరణ్ చెత్తబుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పిన రోజులవి. ఆ మహా గాయకులిద్దరూ తన ఇంట్లో తలదాచుకున్నారని వీధి వీధంతా నమ్ముతోంది. తాము తిన్నవన్నీ వాళ్ళ కోసం వచ్చినవి. సిగ్గుతో చచ్చిపోయాడు. రేపు పొద్దున్నే నిజం చెప్పెయ్యాలని గట్టిగా అనుకుని లోపలికి వచ్చాడు. అప్పుడు ఫోను మోగింది.

"రాజ్, నువ్వు బంగారం!" అంది మార్తా. "డిన్నీ, బ్రీడా మీ ఇంట్లో ఉన్నారని రేడియోలో చెప్పారు. కొత్త గాయకులతో ఆదివారాలు పెడుతున్న మన ఆన్‌లైన్ షోకి టికెట్లు ఎగబడి కొంటున్నారు."

"కానీ మార్తా, వాళ్ళు అట్ట..."

"నువ్వు అవుననకు, కాదనకు. ఊరికే ఉండు, చాలు. ఇప్పుడే నీ పర్మిట్ కాగితాలు చేతిలోకి తీసుకున్నాను."

ఊరికే ఉండడమంత కష్టమైన పని ఇంకోటి లేదని అతనికి త్వరలోనే తెలిసింది. డిన్నీ కోపంగా ఉన్నాడా, ఒంట్లో బాగాలేదా అని నోరీన్ రోజూ అడగసాగింది. చివరికి రాజ్‌కిరణ్ వంటింటి కత్తి తెచ్చి, కళ్ళు సగం మూసుకుని, డిన్నీ పైకెత్తిన చేతిని మోచేతి దగ్గర కోశాడు. మళ్ళీ ఒక మేకుతో తగిలించి, వెనక దారం కట్టాడు. కిటికీ కింద మోకాళ్ళ మీద కూర్చుని దారం లాగితే డిన్నీ వీధికి చెయ్యి ఊపాడు. వీధి కేరింతలు కొట్టింది.

"నీ చదువంత దీనికొచ్చిందా రాజ్?" అంది నీలిమ. ఆమె ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడిగింది, అందుకే అతనికి ఏడుపొచ్చింది.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో అతను గుర్తు చేసుకోదలచుకోలేదు. ఆఫీసు మీటింగుల్లో ఒక చెయ్యి కీబోర్డు మీద, ఇంకో చెయ్యి దారం మీద. సాయంత్రం అందరూ ఎవరి గేటు దగ్గర వాళ్ళు కుర్చీలు వేసుకుని పాట అడిగితే, సోఫా వెనక నుంచి సీడీ పెట్టేవాడు. ఒకరోజు సీడీ ఒకే ముక్క దగ్గర ఇరుక్కుని అదే చరణం పాడుతూ పోయింది. అతను చెమటలు కక్కుతూ మీటలన్నీ నొక్కుతుంటే, వీధి మాత్రం ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. బొమ్మలాట చూసేవాళ్ళెవరూ దారం పట్టినవాడి మోకాళ్ళ గురించి ఆలోచించరు. అతని మోకాళ్ళు వాచాయి, నిద్ర కరువైంది, బరువు మాత్రం కేకుల వల్ల పెరిగింది.

ఆ గోల విని ఒక గార్డు కూడా వచ్చాడు. ఇక్కడ పోలీసులను అలాగే పిలుస్తారు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరం సార్. నేనూ, నా భార్యా."

"మరి కిటికీలో వాళ్ళు?"

గార్డుకి అబద్ధం చెబితే పర్మిట్ పోతుంది. నిజం చెప్పినా పోయేది అదే. రాజ్‌కిరణ్ తలుపు కాస్త దగ్గరికి లాగాడు. "వాళ్ళు... కదలరు సార్" అన్నాడు.

"ఆ వయసులో అదే క్షేమం" అన్నాడు గార్డు. కిటికీ వైపు తిరిగి టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

జూన్ చివర్లో ఊళ్ళు దాటి తిరగడానికి అనుమతి వచ్చింది. ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా మాస్కులు వేసుకున్న ఇద్దరు వృద్ధులు చెరో కారు దిగి గేటు దగ్గరికి వచ్చారు. రాజ్‌కిరణ్ కిటికీ కింద దారం పట్టుకుని ఉన్నాడు. తెర సందులోంచి చూసి, ఆ నడుం మీద చేతులేసుకున్న తీరు ఎక్కడో చూశానే అనుకున్నాడు. తలెత్తి పక్కనున్న అట్టను చూశాడు. అదే నడుం, అవే చేతులు.

పాటకే జంట గాని వాళ్ళ కాపురాలు వేరు: డిన్నీ ఉత్తరాన డండాక్ నుంచి వచ్చాడు, బ్రీడా దక్షిణాన బాలింకాలిగ్ నుంచి. మార్చి నుంచి వాళ్ళకు కంపెనీ వాళ్ళు ఒక్క ఫోను చేయలేదు. పాటలు లేవు, పలకరింపులు లేవు. డిన్నీ భార్య రేడియో వార్త విని, పక్క కుర్చీలో కూర్చున్న భర్తనే "నువ్వు క్లాండాల్కిన్‌లో ఏం చేస్తున్నావు?" అని అడిగిందట. ఇదంతా డిన్నీ గేటు దగ్గర నిలబడి గట్టిగానే చెబుతున్నాడు. వినేవాళ్ళు లేరు.

"కాస్త వెనక్కి జరగండి!" అని నోరీన్ రోడ్డవతలి నుంచి అదిలించింది. "ఈ వయసులో ఇలా వానలో తిరుగుతారా? కిటికీలో వాళ్ళను చూసి నేర్చుకోండి. మార్చి నుంచి గడప దాటలేదు!"

డిన్నీ మాస్కు లాగేశాడు. "నేనే డిన్నీని!"

నోరీన్ అతన్ని చూసింది, కిటికీ వైపు చూసింది. కిటికీలో డిన్నీకి నల్లటి జుట్టు, పలువరుస, ఇరవై ఏళ్ళ కిందటి ఫోటో. గేటు దగ్గర డిన్నీకి జుట్టే లేదు. "అందరూ అలాగే అంటారు, లవ్" అంది జాలిగా.

బ్రీడా కూడా మాస్కు తీసి పాట అందుకుంది. డిన్నీ రెండో చరణంలో కలిశాడు. నాలుగు నెలలు ఎవరూ వినని గొంతులవి. ఆమెది మధ్యలో చీరుకుపోయింది, అతనికి ఊపిరి అందలేదు. అయినా ఆపకుండా చివరిదాకా పాడారు. వీధి మర్యాదగా చప్పట్లు కొట్టింది.

"బాగానే పాడారు" అంది నోరీన్. "కానీ డిన్నీ డిన్నీయే."

తెర సందులోంచి రాజ్‌కిరణ్‌కి డిన్నీ మొహం కనబడింది. నువ్వు నువ్వు కాదని చెబితే విన్న మనిషి మొహం అది. అతను దారం వదిలేశాడు. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. నీలిమ వచ్చి చెయ్యి పట్టి లేపింది.

"పర్మిట్ పోతది నీలిమా."

"పోనియ్. వాళ్ళు తినేటియన్ని మనమే తిన్నం. ఇగ వాళ్ళ పేరు గూడ తినద్దు. పో."

అతను చంకకొక బొమ్మను ఎత్తుకుని వానలో రోడ్డు మీదికి వచ్చాడు. "వీళ్ళు అట్టబొమ్మలు!" అని అరిచాడు. "చెయ్యి ఊపింది నేను. పాడింది సీడీ. మీరు పంపినవన్నీ తిన్నది మేము. నన్ను క్షమించండి."

నోరీన్ నెమ్మదిగా రోడ్డు మధ్యకొచ్చి, రెండు మీటర్ల దూరంలో ఆగింది.

"అది మాకు నువ్వు చెయ్యి ఊపించిన మొదటివారమే తెలిసిపోయింది, లవ్. తెర పల్చన, దారం లాగినప్పుడల్లా నీ తల కనబడేది" అంది. "ఊరుగాని ఊళ్ళో పెద్దదిక్కు లేక, పాపం, అట్టబొమ్మలతో కాపురం చేస్తున్నావనుకున్నాం. నీ మనసు నొప్పించడం ఎందుకని మేమూ చేతులు ఊపాం. ఆ గార్డుకి కూడా ముందే చెప్పి పంపాం. మీ ఆవిడ పులిహోర గ్రాండ్‌గా ఉంటుంది."

రాజ్‌కిరణ్ బొమ్మల్ని కింద పెట్టాడు. వాచిన మోకాళ్ళు, పోయిన నిద్ర, నాలుగు నెలల భయం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మాకు తెలియనిది ఒక్కటే" అంది నోరీన్, అసలు డిన్నీ, బ్రీడాల వైపు వేలు చూపిస్తూ. "వీళ్ళెవరు?"

జరిగిందంతా ఎవరో ఫోనులో తీసి లోకం మీదికి వదిలారు. జనం మార్తాకు రాసిన ఉత్తరాలన్నింటిలో ఒకటే కోరిక: ఆదివారం షో ఆ కిటికీలోంచే కావాలి, కిటికీలో ఆ బొమ్మలే కావాలి. మార్తా ఆలోచించి, అందరికీ న్యాయం చేశానంది. తడిసిన బొమ్మలకు టేపులు వేసి కిటికీలో నిలబెట్టించింది. అసలువాళ్ళను లోపల, కెమెరాకు కనబడకుండా, మేడ మీంచి దింపిన బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి పాడమంది. నలభై ఏళ్ళు జనం ముందు నిలబడినవాళ్ళు తమ బొమ్మల వీపుల వెనక కూర్చుని పాడారు. కనీసం వాన పడదులే అంది బ్రీడా, నీలిమ ఇచ్చిన గారె తింటూ.

"కాస్త నెమ్మదిగా ఊపు బాబూ" అన్నాడు డిన్నీ పాటల మధ్యలో, కిటికీ కింద మోకాళ్ళ మీద ఉన్న రాజ్‌కిరణ్‌తో. "నేనెప్పుడూ అంత హుషారుగా ఊపలేదు."

ఆ సోమవారమే పర్మిట్ వచ్చింది. అందులో ఉద్యోగం పేరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే రాసి ఉంది.