కొత్తనీరు తూము దాటే వేళ

ఆ శనివారం పొద్దున్న అప్పాజీ పెట్టుకున్న పనులు మూడే. తల్లితో కలిసి విత్తనాల వడ్లు నానబెట్టడం, భోంచేసి భీమవరం వెళ్ళి డిగ్రీ సర్టిఫికెట్లు జిరాక్సు తీయించడం, సాయంత్రం రాజుగారిని కలిసి ఉద్యోగం సంగతి మెల్లిగా గుర్తు చెయ్యడం. తొంభై తొమ్మిదో సంవత్సరం, జూన్ నెల. ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్ళు వదిలారని పేపర్లో వేశారు.

"సోమారానికి మన తూము కాడికి వచ్చేత్తాయంటరా నీళ్ళు," అంది తల్లి తలుపులమ్మ, గాబులో వడ్లు పోస్తూ. "ఇయ్యాల నానేస్తే రేపు మండె కట్టెయ్యొచ్చు. మంగళారం పొద్దున్నకి మొలకొస్తాది. ఆ రోజే నారుమళ్ళో జల్లేద్దాం."

నానిన వడ్లను గోనెసంచిలో కట్టి, బరువు పెట్టి, మొలక రప్పించడమే మండె కట్టడం. మొలక వచ్చాక ఆ వడ్లు ఎవరి మాటా వినవు. ఆ రోజే మడిలో పడాలి. లేకపోతే వేడెక్కి కుళ్ళిపోతాయి. తలుపులమ్మ చేసేది ఎకరంన్నర కౌలు వ్యవసాయం. రెండోసారి నానబెట్టడానికి ఇంట్లో వడ్లు లేవు.

వడ్లు పోయడం పూర్తవుతుండగానే రాజుగారి దగ్గరనుంచి కబురు వచ్చింది. తమ ఊరు కోడువారిపాలెంలో సత్యనారాయణరాజు గారు పెద్ద రైతు, నీటి సంఘానికి అధ్యక్షుడు. ఊరి తూముకు వేసిన తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే వేలాడుతుంటుంది. హైస్కూలు కమిటీలోనూ ఆయన ఉన్నారు. ఆ స్కూల్లో గుమాస్తా పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆయన ఒక లెటరు రాస్తే అది అప్పాజీకి వస్తుంది. తమ ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాడు అప్పాజీ. అందువల్ల రాజుగారు పిలిచారంటే చొక్కా గుండీలు వీధిలోనే పెట్టుకుంటూ వెళ్ళేవాడు.

"ఏమయ్యా అప్పాజీ, శ్యామలాంబ గారు కంటి ఆపరేషన్‌కి రాజమండ్రి వెళ్ళారు," అన్నారు రాజుగారు. "ఇవాళ భజనలో అర్థం చెప్పేవాళ్ళు లేరు. నువ్వు చెప్పాలి."

"నేను చదివింది బీకామండి."

"డిగ్రీయేగా?"

అప్పాజీ ఒప్పుకోవడానికి జంకాడు. ఎందుకంటే ఆ ఊరి భజనకు ఒక పద్ధతి ఉంది. ప్రతి శనివారం సాయంత్రం రాజుగారి వీధి వసారాలో పాత తత్వాలు పాడతారు. పాట సాగినంతసేపూ ఒక దీపం పళ్ళెం చేతులు మారుతూ తిరుగుతుంది. చరణం ముగిసి తాళాలు ఆగే సరికి పళ్ళెం ఎవరి చేతిలో ఉంటే ఆ చరణం వాళ్ళది, అందులో ఉన్నది వాళ్ళకే వర్తిస్తుంది. దాని అర్థం వాళ్ళకు విప్పి చెప్పాలి. రిటైరైన టీచరమ్మ శ్యామలాంబ గారు ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నారు. ఆవిడ చెప్పిన అర్థం విని చుట్టలు మానినవాళ్ళు ఉన్నారు, గట్టు తగాదా వదులుకున్న అన్నదమ్ములు ఉన్నారు. అక్కడ అర్థం అంటే కోర్టు తీర్పు కన్నా ఎక్కువ.

భీమవరం ప్రయాణం మానేసి అప్పాజీ పాటల నోటు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. తెలిసిన ఒకటి రెండు సంగతులు పెన్సిలుతో అంచుల్లో రాసుకున్నాడు. పరీక్షలకు కూడా అంత భయపడలేదు.

సాయంత్రం వసారా నిండింది. రాజుగారి పక్కనే, నోటు పుస్తకంలో తల దూర్చుకుని కూర్చున్నాడు అప్పాజీ. మొదటి రెండు చరణాలూ గండం లేకుండా గడిచాయి. మూడోది అందుకున్నారు.

"తొమ్మిది గుమ్మాల మేడలోపల దీపమొక్కటి ఉన్నదిరా
కొత్తనీరు తూము దాటే వేళకు కొండెక్కి పోవునురా"

తాళాలు ఆగాయి. అప్పాజీ తలెత్తేసరికి పళ్ళెం రాజుగారి ముందు ఉంది. ఆయన జారిన కళ్ళజోడు సర్దుకుంటూ, "ఊఁ, నాదేనన్నమాట. చెప్పు," అన్నారు హుషారుగా.

అప్పాజీ అంచులో పెన్సిలు రాతలు చూసుకున్నాడు. "మేడ అంటే ఈ శరీరమండి. తొమ్మిది గుమ్మాలంటే కళ్ళు రెండు, చెవులు రెండు, ముక్కుపుటాలు రెండు, నోరు ఒకటి. మిగతా రెండూ మీకు తెలిసినవేనండి. దీపం అంటే ప్రాణం." అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ డిగ్రీ చదివినవాడు, సగంలో ఆపడం చేతకాలేదు. "కొండెక్కడం అంటే పోవడమండి. కొత్తనీరు తూము దాటే వేళకు."

సోమవారం నీళ్ళొస్తున్నాయని అందరికీ తెలుసు. రాజుగారు పళ్ళెంలో దీపం వంక చూస్తూ ఉండిపోయారు.

"మా నాన్నగారు పోయింది కూడా తూము తీసిన రోజేనయ్యా," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా.

ఆదివారం రాజుగారు మంచం దిగలేదు. చేపల పులుసు వద్దన్నారు. భీమవరం నుంచి డాక్టరు కారులో వచ్చి పరీక్ష చేసి, గుండె గుండ్రాయిలా ఉందన్నాడు. "రాయి కూడా ఒకనాటికి పగలాల్సిందే కదండీ," అన్నారు రాజుగారు. మధ్యాహ్నానికి ఇద్దరు అల్లుళ్ళు దిగారు. సాయంత్రానికి ఊళ్ళో అప్పాజీ పేరు మారిపోయింది. వాడు నోరు తెరిస్తే జరిగి తీరుతుందట. కిళ్ళీ కొట్టు దగ్గర నిలబడితే జనం పక్కకు తప్పుకున్నారు. ఒకాయన మాత్రం దగ్గరగా వచ్చి, "నా సంగతేం చెప్పకు బాబూ," అని సోడా కొట్టించి ఇచ్చి వెళ్ళాడు. అప్పాజీ ఆ సోడా తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. రాజుగారికి నిజంగా ఏమైనా అయితే తనను ఎవరు బతకనిస్తారు? మాట చెప్పి మనిషిని చంపినవాడికి శిక్ష ఏమిటో బీకాంలో చెప్పలేదు.

సోమవారం అసలు ముప్పు మొదలైంది. కాలువలో నీళ్ళు వచ్చాయి. తూము షట్టరు తిప్పే లస్కరు యెహెజ్కేలు, తాళంచెవి కోసం రాజుగారింటికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. వస్తూ అప్పాజీ ఇంటి ముందు సైకిలు ఆపాడు.

"అయ్యగారు తాళంచెవి ఇవ్వనన్నారండి. షట్టరు రిపేరంటన్నారండి. నిన్ననే గ్రీజు పెట్టానండి నేను."

అప్పాజీకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. నీరు తూము దాటితేనే కదా దీపం కొండెక్కేది. అందుకని రాజుగారు నీటిని దాటనివ్వడం లేదు. ఆయన ప్రాణం ఒక పక్క, ఊళ్ళో అందరి నారుమళ్ళూ ఇంకో పక్క.

"కాలవ నిండా నీళ్ళెట్టుకుని మనకేంటిరా ఈ కర్మ?" అంది తలుపులమ్మ. మండె సంచిలో చెయ్యి పెట్టి చూసి, "వెచ్చబడతంది. ముక్కు పగిలిపోయింది గింజకి, మొలకొచ్చేత్తంది," అంది. కొడుకు మొహం చూసి ఆగిపోయింది. "అసలేం చెప్పేవురా అక్కడ?"

చెప్పాడు. తలుపులమ్మ చేట కింద పెట్టింది.

"నువ్వు చెప్పిన అర్థమేగా. నువ్వే ఎల్లి ఎనక్కి తీసుకో."

సాయంత్రం అప్పాజీ రాజుగారి మంచం పక్కన నిలబడ్డాడు. తాళంచెవి ఇప్పుడు మొలతాడుకు లేదు, ఆయన గుప్పిట్లో ఉంది.

"నేను మళ్ళీ ఆలోచించానండి. దీపం అంటే ప్రాణం కాదేమోనండి. అహంకారం కావచ్చండి. కొత్తనీరు వస్తే అహంకారం పోతుందని..."

"అంటే నాకు అహంకారం ఉందంటావ్."

"అబ్బే, లేదండి. నీరంటే జ్ఞానమండి. జ్ఞానం వస్తే..."

"జ్ఞానం వస్తే పోతానంటావ్."

పెద్దల్లుడు కుర్చీలోంచి లేచాడు. అప్పాజీ వెనక్కి నడుచుకుంటూనే గుమ్మం దాటాడు. అప్పటికే వీధిలో పాతిక మంది రైతులు చేరారు. షట్టరు రిపేరైతే ఇంజనీరుకు ఎందుకు చెప్పలేదని ఒకరు, రాజుగారు చేపల చెరువుల వాళ్ళ కోసం నీళ్ళు ఆపారని ఇంకొకరు. తాళం బద్దలు కొడదామని మూడో ఆయన. చరణానికీ ఆ తాళానికీ ముడి ఉందని తట్టింది తనొక్కడికే. తెలిస్తే వీళ్ళు ముందు ఎవరిని పట్టుకుంటారో కూడా తనకు తెలుసు.

ఆ రాత్రి తలుపులమ్మ మూడుసార్లు లేచి సంచి మీద నీళ్ళు చల్లింది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ అప్పాజీ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

మంగళవారం తెల్లారింది. సంచి విప్పితే మొలకలు తెల్లగా, పొడుగ్గా ఉన్నాయి. మధ్యాహ్నం దాటితే అవి గేదెలకు కూడా పనికిరావు. తల్లి సంచి పక్కన చతికిలబడి, ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉంది. తిట్టి ఉంటే అప్పాజీ ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఆ అరచెయ్యి చూశాక ఉండలేకపోయాడు.

దారి పొడుగునా ఆలోచించాడు. అర్థం మార్చి లాభం లేదు. మార్చాల్సింది పళ్ళెం.

"రాజుగారూ, ఒక నిజం దాచానండి," అన్నాడు. "తాళాలు ఆగినప్పుడు పళ్ళెం మీ చేతిలో లేదండి. నా చేతిలో ఉంది. ఆ చరణం నాదండి."

పచ్చి అబద్ధం. రాజుగారు మోచేతి మీద లేచారు.

"నీ చేతిలోనా? నాకు గుర్తులేదే."

"అబ్బాయి చెప్పింది నిజమేనండి," అన్నారు గుమ్మంలోంచి బంగారమ్మ గారు, రాజుగారి భార్య. చేతిలో మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నారు. "మీ కళ్ళజోడు జారింది. సర్దుకోడానికి పళ్ళెం పక్కకి చాపారు. ఈ అబ్బాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఎడం చేత్తో పట్టుకున్నాడు. తాళాలు ఆగింది అప్పుడే. తర్వాత మీరే వెనక్కి లాక్కున్నారు. నేను ఎదురుగానే ఉన్నానుగా."

"మూడు రోజులనుంచి నేను పోతానని కూర్చుంటే, ఇప్పుడా చెప్పడం?" అన్నారు రాజుగారు.

"తల్లికి ఒక్కడే కొడుకు. ఉద్యోగం రావలసినవాడు. ఎలా చెప్పమంటారు? మీకేం, డాక్టరు గుండ్రాయన్నాడుగా."

అప్పాజీ తన ఎడం చెయ్యి వంక చూసుకున్నాడు. బొటనవేలి పక్కన చిన్న నూనె మరక. మూడు రోజులుగా అది తలుపు గడియదనుకుంటున్నాడు.

రాజుగారు మంచం దిగారు. "చేపల పులుసు పెట్టించు," అన్నారు భార్యతో. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని తూము దగ్గరకు బయలుదేరారు. గుమ్మంలో ఆగి, అప్పాజీ భుజం మీద చెయ్యి వేశారు. పోయిన తండ్రి కూడా ఎప్పుడూ అంత ప్రేమగా వెయ్యలేదు.

"ఆ ఉద్యోగం లెటరు రేపు రాస్తానులే. ఇవాళ రాసి వేస్టయిపోవడం ఎందుకు."

తూము గట్టు మీద ఊరంతా ఉంది. అప్పాజీ నెత్తిన ఇంటినుంచి తెచ్చిన మొలకల బుట్ట ఉంది. చరణం తనదైన సంగతి తల్లికి చెప్పలేదు. దింపి పారిపోదామంటే, మొలక ఇంకో గంట ఆగదు. యెహెజ్కేలు షట్టరు చక్రం పట్టుకుని అప్పాజీ పక్కకు వంగాడు.

"విన్నానండి. మాకీ పళ్ళేల పట్టింపు లేదండి. అయినా ప్రార్థన చేసుకుంటానండి మీ కోసం."

"తొందరగా చేసుకోండి," అన్నాడు అప్పాజీ.

"ఆయ్," అని యెహెజ్కేలు కళ్ళు మూసుకుని, చక్రం తిప్పాడు. ఇనుము కీచుమంది. ఎర్రటి నీరు నురగతో తూములోంచి పొంగింది. అప్పాజీ ఊపిరి బిగబట్టాడు. చెవుల్లో హోరు. కళ్ళ ముందు చీకటి. కాళ్ళ కింద ఏదో జారిపోతోంది. ఇదే కాబోలు అనుకున్నాడు.

"ఒరేయ్, చెప్పు కొట్టుకుపోతంది," అని అరిచింది తలుపులమ్మ కింద మడిలోంచి. "పోతే పోయింది గానీ బుట్ట తేరా ముందు."

కుడికాలి చెప్పు నీళ్ళలో తేలుతూ పోతోంది. దీపం సంగతి అంతటితో సరి. మధ్యాహ్నానికల్లా మొలకలన్నీ మడిలో పడ్డాయి. మర్నాడు రాజుగారు, అప్పాజీ బతికే ఉన్నాడని ఇద్దరిని అడిగి రూఢి చేసుకుని, లెటరు రాశారు.

శనివారానికి శ్యామలాంబ గారు నల్ల కళ్ళద్దాలతో ఊళ్ళోకి దిగారు. అప్పాజీ జరిగిందంతా చెప్పాడు.

"ఆ చరణమా? నాకు నాలుగుసార్లు వచ్చింది," అన్నారావిడ. "నాలుగేళ్ళూ కాలవ వచ్చింది, నేనూ ఉన్నాను."

"మరి అసలు అర్థం ఏంటండీ?"

"నాకేం తెలుసు నాయనా. పళ్ళెం ఎవరి చేతిలో ఉందో చూసి, వాళ్ళకి ఏది చెప్పాలో అది చెబుతుంటాను. రాజుగారి చేతిలో ఉంటే, తూము తొందరగా తీయండి అని చెప్పేదాన్ని."

ఆ సాయంత్రం భజనలో మూడో చరణం సగంలో, పళ్ళెం పట్టుకుని ఉన్న రాజుగారి కళ్ళజోడు మళ్ళీ జారింది. అప్పాజీ నోటు పుస్తకాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, వసారా దూలాలు లెక్కపెట్టాడు.