రంగు వెలిసిన చీరలు, రాజీనామా పారితోషికం

తప్పు చేసి పదవి వదిలిన పెద్దలకు డబ్బిచ్చి పంపడం దేశానికి ఎంతో మేలు. నవ్వకండి! మా ఊరి సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

నకిరేకల్‌కు ఆరు మైళ్ల దూరంలో మా ఊరు. అక్కడొక చేనేత సహకార సంఘం. దానికి మేనేజరు పరమేశ్వర్ గారు. నూలు చీరల గొప్పతనం మీద గంటసేపు మాట్లాడగలరు, టెర్లిన్ చొక్కా వేసుకుని!

పోయిన చలికాలంలో ఆయన హైదరాబాదు నుంచి సగం ధరకే ఎర్ర రంగు డబ్బాలు తెచ్చారు. అద్దకం పని చేసే సిద్దయ్య ఓ చిలప నూలు ముంచి చూసి పెదవి విరిచాడు.

"సారూ, గీ రంగు నిలువది. నూలుకంటె నా చేతికే ఎక్కువ అంటుతాంది."

"నువ్వేమన్నా ఇంజనీరువా?" అన్నారు మేనేజరు గారు.

పాపం, సిద్దయ్య ఇంజనీరు కాడు. ముప్పై ఏళ్లుగా రంగులద్దుతున్నాడు, అంతే! కాబట్టి నూటిరవై చీరలు ఎర్రగా తయారయ్యాయి.

శివరాత్రికి వాటిని ఆలంపూర్ తీసుకెళ్లి అమ్మారు. కొన్న ఆడవాళ్లు భక్తితో అవే కట్టుకుని తుంగభద్రలో మునిగారు. మూడు మునకలకు చీరలు తెల్లబడ్డాయి, మనుషులు ఎర్రబడ్డారు! పక్కన మునిగిన మగవాళ్ల ధోవతులు గులాబీ రంగుకు తిరిగాయి. పదహారు రోజులు ముందుగా, అదీ ఉచితంగా హోలీ జరిపించిన సంఘం ఇంకెక్కడైనా ఉందా?

వారం తిరక్కముందే ఇరవై మంది ఆడవాళ్లు బస్సు దిగి, సంఘం మెట్ల మీద చీరలు కుప్పపోశారు. వాళ్లలో సైదమ్మ అనే ఆమె గొంతు బజారు చివరిదాకా వినిపించింది.

"నా మొకం జూసి మా అత్త గుర్తువట్టలే! ఏం రోగమొచ్చెనో అని దవాఖానకు తోల్కపోయింది. డాక్టరు సూది గూడ ఇచ్చిండు!"

సంగతి పత్రికలకెక్కింది. కలెక్టరాఫీసు నుంచి కాగితం వచ్చింది. మేనేజరు గారు నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు.

ఇక సంఘం ప్రెసిడెంటు సీతారాములు మమ్మల్ని, అంటే డైరెక్టర్లను, సమావేశపరిచాడు.

"అంత పెద్దమనిషిని ఉత్తచేతులతోని పంపితే సంగం ఇజ్జత్ ఏం గావాలె?"

న్యాయమే కదా! ఏడాది జీతం, శాలువా, గోడ గడియారం ఇవ్వాలని తీర్మానించాం. ఎందుకో ఆలోచించండి. ఏమీ ఇవ్వకపోతే ఆయన వెళ్తారా? వెళ్లకపోతే ఈసారి పచ్చ రంగు కొంటారు! ఆ నష్టం ముందు ఏడాది జీతం ఎంత? నన్నడిగితే దేశమంతటా ఇదే పద్ధతి రావాలి. వంతెన కూల్చిన ఇంజనీరుకు బంగళా, చెరువు కట్ట తెగ్గొట్టిన ఆఫీసరుకు మోటారు కారు ఇవ్వాలి!

సన్మాన సభ రోజున పూలదండలు పడ్డాయి. చప్పట్లు మోగాయి. అప్పుడు వెనక వరుసలోంచి నర్సింగమ్మ లేచింది. సంఘం మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టే ముసలామె. నెల కిందటే చూపు ఆనక పని మానుకుంటానని చెప్పింది.

"సీతారాములన్నా, నాకొకటి సమజైతలేదు. సంగం వెట్టినప్పటిసంది కండెలు చుడుతున్న. కండ్లు ఆనుతలేవు, ఇడిసిపెడుత, ఏమన్న ఇయ్యుండ్రంటే రూల్ల లేదంటివి. మరి గీ సారుకు ఏ రూల్ల ఉన్నది?"

"ఆయన రాజీనామ జేసిండు చెల్లె. నువ్వు ఊకనే మానేస్తున్నవు. నీ మీద ఒక్క కంప్లైంటు గూడ లేదాయె!"

"గట్లనా? అయితే ఎంత నూలు కరాబు జేస్తే ఎంత ఇస్తరో జర చెప్పు. రేప్పొద్దుగాలనే షురు జేస్త!"

సభ ఒక్కసారిగా గొల్లున నవ్వింది. మేనేజరు గారు ఒళ్లో ఉన్న గోడ గడియారంలో టైము చూసుకున్నారు. దానికింకా కీ ఇవ్వలేదు.

నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని బయటికి నడిచింది. ఆమె వెంట కండెలు చుట్టే ఆడవాళ్లందరూ లేచిపోయారు.

మర్నాడు ఒక్క రాట్నమూ తిరగలేదు. కండెలు లేక మూడో రోజుకు మగ్గాలన్నీ ఆగిపోయాయి. సాయంత్రానికల్లా మేం మళ్లీ కూర్చున్నాం. నర్సింగమ్మకు బతికినంతకాలం నెలకు ఎనిమిది రూపాయలివ్వాలని తీర్మానించాం. రూలు బుక్కులో జాగా ఎక్కడ దొరికిందో మరి, దొరికింది! కబురు తెలిసి ఆడవాళ్లు సంఘం ఉన్న వీధి వీధంతా బెల్లం పంచారు. నాకూ ఓ ముక్క పెట్టారు.

ఈ తీర్మానాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఏళ్ల తరబడి పని చక్కగా చేసినవాళ్లకు కూడా డబ్బివ్వడం మొదలుపెడితే, ఇక తప్పు చేయాలన్న ఉత్సాహం ఎవరికుంటుంది చెప్పండి?

ఇంతా రాసి ఒక్కటి దాచడం బాగుండదు. మేనేజరు గారి పారితోషికానికి అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే. నర్సింగమ్మ ఎనిమిది రూపాయలకు అదే చెయ్యి లేవడానికి మూడు రోజులు పట్టింది.