రాజుగారి చేతి మూర

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పవచ్చు: దేశమంతటికీ ఒకే మూర ఉండడం. నైలు ఒడ్డున ఆ మూర సాక్షాత్తు రాజుగారి మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఉన్న పొడవు. రాజుగారు దేవుడు కనక ఆ కొలతలో తప్పు దొర్లే అవకాశమే లేదు. (ఈ దేవుడికి పట్టాభిషేకం నాటికి పాలపళ్లు ఇంకా ఊడలేదు.)

పిరమిడ్ అడుగు వరసలు ఆ చిట్టి మూరతోనే వేశారు. తర్వాత దేవుడు, అందరి పిల్లల్లాగే, ఎదిగాడు. మూరల శాఖ చేతులు ముడుచుకుని కూర్చునే శాఖ కాదు. ఏటా వరద రాగానే రాజుగారి చెయ్యి కొలిచి, కొత్త మూరకర్రలు పంచి, పాతవి పొయ్యిలో పెట్టించేది. పై వరసకు ఎన్ని మూరలని నిర్ణయించారో అన్నే మూరలు వేశారు. ఒక్క మూర ఎక్కువ లేదు, తక్కువ లేదు. దాంతో పైకి పోయేకొద్దీ సన్నబడాల్సిన పిరమిడ్ పైకి పోయేకొద్దీ లావెక్కింది.

రాళ్ల ముఠా పెద్ద ఇపికి ఇది కంటికి కనిపిస్తూనే ఉంది. ఉత్తరపు వైపు పై వరస కింది వరసను దాటి చూరులా ముందుకొచ్చింది. ఆ చూరు కింద అడుగు రాళ్లు నునుపు చేస్తున్నవాడు అతని తమ్ముడు హెసి. ఇపికి తిండి సయించడం మానేసింది. చివరికి శాఖ పెద్ద కానెఫర్ దగ్గరకు వెళ్లి, ఒక్క పాత మూరకర్ర ఇప్పిస్తే వరసల్ని లోపలికి సర్దుకుంటానని వేడుకున్నాడు.

కానెఫర్ ఉల్లిపాయ కొరికి, బీరు ఒక గుక్క తాగి, ఆలోచించాడు.

"ఏమయ్యా ఇపీ, రాజుగారి చెయ్యి ఇప్పుడు పెద్దదైందంటావా, అప్పుడు చిన్నదంటావా?"

మొదటిది అంటే దిష్టి పెట్టినట్టు, రెండోది అంటే దైవదూషణ. దేనికైనా ముక్కు కోస్తారు. ఇపి ముక్కు తడుముకున్నాడు.

"నేనేం అనట్లేదయ్యా. రాయి అంటోంది."

"రాయికేం తెలుసు మూర సంగతి? పాత కర్ర ఇప్పుడు లోకంలోనే లేదు, పో."

పోనీ తమ్ముణ్ణి అక్కణ్ణుంచి మార్పించమన్నాడు. దానికేం, శాఖకు మనసుంది. ఎన్ని మూరల దూరానికి మార్చాలో చెబితే చాలు. చెప్పాడు. ఏ ఏటి మూర అని అడిగారు. వరద దగ్గర పడింది కనక కొత్త మూర వచ్చాక రమ్మన్నారు.

ఆ సాయంత్రం ఇపి తమ్ముణ్ణి పనికి పోవద్దని బతిమాలాడు.

"పోకపోతే రొట్టె ఎవడు పెడతాడన్నా? అందరికీ తిన్నగా కనిపిస్తుంటే నీ ఒక్కడి కంటికే వంకర" అని నవ్వేశాడు హెసి.

కొత్త మూర రాకముందే చూరు కూలింది. హెసి దాని కిందే ఉన్నాడు.

విచారణ సక్రమంగా జరిగింది. పై రాళ్ల కొలత సరిగ్గానే ఉందని, వాటిని మోయలేకపోవడం కింది రాళ్ల లోపమని తేలింది. పనిలో పోయినవాడికి రాజుగారి తరఫున నాలుగు మూరల గోతి ఇవ్వడం ఆనవాయితీ. ఇపి ఇసుకలో నిలబడి ఏడుస్తుంటే కానెఫర్ స్వయంగా వచ్చి, నారబట్టలో భద్రంగా చుట్టిన కర్ర ఒకటి విప్పాడు. హెసి పోయింది అడుగు వరస దగ్గర కనక, నియమం ప్రకారం ఆ వరస మూరే వర్తిస్తుందట.

ఇపి ఆ చిట్టి కర్రను గుర్తుపట్టాడు.

"ఇది లోకంలోనే లేదన్నారు కదయ్యా."

"కట్టడానికి లేదు" అన్నాడు కానెఫర్. "పూడ్చడానికి ఉంది."

నాలుగు మూరలు కొలిచారు. హెసి పొడగరి. మోకాళ్లు మడిచి పడుకోబెట్టారు.