పటం దించిన డ్రైవరు

డ్రైవరు పనికి ఇక నీళ్ళొదలాలని మునిశంకర్ ఆ పొద్దున పళ్ళు తోముకుంటూనే నిర్ణయించుకున్నాడు. కోలారు టమాటా మార్కెట్టు నుంచి చెన్నైకి లారీ తోలీ తోలీ ఇంట్లో నిద్రపోవడమే మరిచిపోయాడు. మొన్న కన్నకూతురు అతణ్ణి చూసి, ఎవరో చుట్టమొచ్చాడనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇంగ ఆ స్టీరింగు పట్టేది లేదు. ఆవుల్ని మేపుకుంటా," అన్నాడు భార్య నేత్రావతితో.

"అవి నిన్ను గుర్తుపడితే మేపుకో," అందామె.

మార్కెట్లో లోడుతో నిలబడిన లారీ ఎక్కి, అద్దం దగ్గర తాను పెట్టుకున్న కోలారమ్మ పటం దించి చంకలో పెట్టుకున్నాడు. సొంత పటం, ఇంటికి తీసుకుపోతున్నాడు, అంతే. కానీ డ్రైవరు అమ్మవారిని దించడమంటే మాటలా? యజమాని చేతిలో తీరని అవమానం జరిగితే తప్ప అక్కడ ఎవడూ ఆ పని చేయడు.

పక్క లారీ శశికుమార్ అది చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మునిశంకరన్నను ఓనరు ఏమో అనేసినాడురా! దించండి పటాలు!"

మునిశంకర్ నోరు తెరిచేలోపు ఆ మండీ లారీలన్నిట్లోనూ దేవుళ్ళు కిందికి దిగారు. అమ్మవారు లేని బండిని తోలే మొనగాడు ఆ జిల్లాలోనే లేడు. టమాటాలు ఎండకు మగ్గసాగాయి.

మండీ యజమాని ఆంజనప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందప్పా? నేనేమన్నాను?"

"ఏమీ అనలేదన్నా. నేను పని మానేస్తా ఉండాను."

"చూసినారా! నోటితో చెప్పుకోలేనంత మాట అన్నాడు!" అని శశికుమార్ ఎగిరాడు.

"వారానికొక దినం రజా ఇస్తాను, ఇంట్లో ఉండు," అన్నాడు ఆంజనప్ప.

"నాకొద్దన్నా."

"చాలదంటా ఉండాడు!" డ్రైవర్లు ఈలలు వేశారు.

బండికి ఇద్దరు డ్రైవర్లన్నాడు ఆంజనప్ప. మునిశంకర్ తల అడ్డంగా ఊపాడు. చెన్నై పోయొచ్చినవాడు మర్నాడంతా ఇంట్లోనే ఉండొచ్చన్నాడు. మునిశంకర్ విసిగిపోయి దండం పెట్టాడు. ఆ దండానికి హడలిపోయిన ఆంజనప్ప, ఇక దారిలో ఉన్నవాళ్ళను ఫోనులో తిట్టనని మునిశంకర్ చంకలోని అమ్మవారి మీదే ఒట్టేశాడు. డ్రైవర్లు జేజేలు కొట్టి, పటాలు ఎక్కించి, బండ్లు కదిలించారు.

"ఇంగన్నా ఎక్కప్పా," అన్నాడు ఆంజనప్ప.

"ఎన్నిసార్లు చెప్పేది? నేను మానేసినాను!" మునిశంకర్ తాళంచెవి అతని చేతిలో పెట్టి, తలెత్తుకుని ఇంటికి నడిచాడు.

జరిగిందంతా విని నేత్రావతి పాలచెంబు కింద పెట్టింది. "అందరికీ మంచి పని ఇప్పించి, నువ్వు మాత్రం పని పోగొట్టుకొచ్చినావా?"

మర్నాడు, ఖాళీ అయిన ఆ ఒక్క పని కోసం మండీ ముందు జనం తోసుకున్నారు. వాళ్ళలో మునిశంకర్ కూడా ఉన్నాడు.

"నువ్వు మానేసినావు గదప్పా?" అన్నాడు ఆంజనప్ప.

"నేను మానింది పాత పని. ఇది వేరే," అన్నాడు మునిశంకర్ రొమ్ము విరుచుకుని.

ఆంజనప్ప అతణ్ణి కిందినుంచి పైదాకా చూసి, లారీ తోలిన అనుభవం ఏమైనా ఉందా అని అడిగాడు.